ఏటి ఒడ్డున నాలుగు గోడలు

తెలుగులో కొన్ని పనులకు మాటలు కరువు. కొన్నిటికి మాటలే ఎక్కువ. నేను ఈ వారం చెప్పదలచిన పని రెండో జాతికి చెందింది. "బయటికి వెళ్ళడం" అంటారు, "చెంబట్క పోవుడు" అంటారు, "దొడ్డికి" అంటారు, "ఏటికి", "చెరువుకట్టకు" అంటారు. ఇన్ని మాటలున్నా చిత్రమేమిటంటే, ఒక్కదానిలోనూ గది అన్న ఊసు లేదు. అన్నీ బయలు వైపే చూపిస్తాయి. గది కట్టుకోవడం నేర్చిన తర్వాత దాని పేరు అరువు తెచ్చుకున్నాం. పాయఖానా అన్నాం, సండాసు అన్నాం, లెట్రిన్ అన్నాం. ఇప్పుడు బోర్డుల మీద శౌచాలయం అని రాస్తున్నాం. మన సొంత మాట ఒక్కటే మిగిలింది: మరుగుదొడ్డి. మరుగు అంటే చాటు. ఈ మాట పుట్టించిన మహానుభావులెవరో గాని, అసలు సంగతి తెలిసినవారు. ఆ గదికి ముందుగా కావలసింది రంగూ కాదు, టైల్సూ కాదు, చాటు. ఆ తర్వాతనే తక్కినవన్నీ.

పాఠకులు ముక్కు మీద గుడ్డ వేసుకోనక్కర లేదు. నేను మాట్లాడబోయేది కట్టడం గురించి. గుడి గోపురం ఎలా నిలుస్తుందో, ఆనకట్ట ఎలా నిలుస్తుందో తీరిగ్గా చర్చించుకునే మనం, ఈ చిన్న కట్టడం ఎందుకు నిలవడం లేదో ఒక్కసారి ఆలోచిస్తే తప్పేమిటి?

మా ఉత్తర తెలంగాణకు సముద్రం లేదు. మాకున్న తీరమల్లా గోదావరి తీరమే. కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టిన గోదావరి, బాసరను ఒరుసుకొని, ధర్మపురి, మంథని మీదుగా వెళ్ళి, కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకుంటుంది. బాసర మొదలు కాళేశ్వరం దాకా ఈ వూళ్ళన్నీ 2016 అక్టోబరు వరకు ఆదిలాబాదు, కరీంనగరం జిల్లాల్లో వుండేవి. ఇప్పుడు బాసర నిర్మల్‌కు, ధర్మపురి జగిత్యాలకు, మంథని పెద్దపల్లికి, కాళేశ్వరం జయశంకర్ భూపాలపల్లికి వెళ్ళాయి. జిల్లాలు మారాయి గాని ఏరు మారలేదు, ఏటి ఒడ్డున బస్సు దిగే జనం అవసరమూ మారలేదు.

బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరం. పన్నెండేళ్ళకు ఒకసారి, పన్నెండు రోజులు. 2003లో వచ్చింది, 2015 జూలై 14 నుంచి 25 వరకు వచ్చింది, ఆ లెక్కన తర్వాతిది 2027. ఆ పన్నెండు రోజులకు రేకులతో, తడికలతో, ప్లాస్టిక్ గదులతో తాత్కాలికంగా ఏర్పాటు చేస్తారు. అది తప్పు కాదు. లక్షల మంది ఒక్కసారి దిగినప్పుడు అంతకన్నా వేరే దారి లేదు. నా బెంగ ఆ పన్నెండు రోజుల గురించి కాదు, మిగిలిన పన్నెండేళ్ళ గురించి. బాసరకు పిల్లల అక్షరాభ్యాసానికి ఏడాది పొడుగునా వస్తూనే వుంటారు. వసంత పంచమి నాడైతే చెప్పనే అక్కరలేదు. వచ్చేవారెవరు? మూడేళ్ళ, అయిదేళ్ళ పిల్లలు, వాళ్ళ తల్లులు, వెంట అమ్మమ్మలు, నాయనమ్మలు. శేషప్పకవి ధర్మపురికి నరసింహుని దర్శనానికి, కాళేశ్వరానికి త్రివేణీ స్నానానికి వచ్చేవారిలోనూ ముసలివాళ్ళే ఎక్కువ. చాటు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే మన తీరానికి ఎక్కువగా వస్తున్నారన్నమాట.

మా వీధిలో డెబ్బై దాటిన పెద్దమ్మ ఒకావిడ వుంది. చక్కెర జబ్బు మనిషి. తీర్థానికి బయలుదేరాలంటే ముందటి రోజు సాయంత్రం నుంచే మంచినీళ్ళు మానేస్తుంది. "అదేం పని పెద్దమ్మా, ఎండల కాలం" అన్నాను ఒకసారి. "నీళ్ళు తాగితె నడుమ దిగాలె బిడ్డా. దిగితె ఏడికి పోవాలె? మీకేం, మొగోళ్ళు!" అన్నది నవ్వుతూనే. ఆ నవ్వుకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఉపవాసం దేవుడి కోసం చేస్తే పుణ్యం. ఆవిడ నీళ్ళు మానింది దేవుడి కోసం కాదు, గోడల కోసం. అలా దాహాన్ని, అవసరాన్ని గంటల తరబడి బిగబట్టుకుంటే మూత్రంలో చీము పట్టడం, ఎండదెబ్బకు సొమ్మసిల్లడం ఎంత సులువో ఏ డాక్టరైనా చెబుతాడు. ఒక పాడుబడ్డ గదికి మనం కడుతున్న అసలు మూల్యం అది.

ఒక పుణ్యక్షేత్రంలో ఇలాంటి కట్టడం ఒకటి చూశాను. పేరు ఎందుకులెండి. కట్టి నాలుగేళ్ళయినా కాలేదు. ఎనిమిది గదులు; అయిదింటికి తాళాలు. తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో ఎవరికీ తెలియదు. తెరిచివున్న మూడింటిలో ఒకదానికి గడియ లేదు, ఒకదానికి తలుపు అడుగు తుప్పు పట్టి చిరిగిపోయింది, మూడోదానిలో గోడ పగలగొట్టి వదిలేశారు. అక్కడ శుభ్రం చేసే ఆవిడను పలకరించాను. "సారూ, కడిగేటందుకే గదా నన్ను వెట్టిండ్రు. మీద టాంకి ఉన్నది, దాంట్ల నీళ్ళు లెవ్వు. నీళ్ళు లేకుంటె దేనితోని కడగాలె? వాసన పోవాలంటె యాసిడ్ వోస్త. యాసిడ్ వోస్తె బండ నురుగు కక్కుతది" అన్నది.

ఆ మాటను మా ఇంజనీరు మిత్రుడికి చెప్పాను. ఆయన విశాఖపట్నంలో చాలాకాలం పనిచేసి, రిటైరై, సొంతవూరని కరీంనగరం చేరిన మనిషి. సముద్రపు గాలికి ఇనుము ఎలా కరుగుతుందో కళ్ళారా చూసినవాడు. "ఆవిడ చెప్పింది రసాయనశాస్త్రం అండీ" అన్నాడు ఆయన. "షాబాదు బండ, తాండూరు బండ రెండూ సున్నపురాళ్ళే. సున్నపురాయి మీద యాసిడ్ పడితే నురుగు వస్తుంది, రాయి తరుగుతుంది. గరుకెక్కిన రాయి మురికి పట్టుకుంటుంది. మురికి పోవాలని ఇంకా యాసిడ్ పోస్తారు. టైల్సు మధ్య సిమెంటూ అంతే. సముద్రం ఒడ్డున కట్టడాన్ని ఉప్పు తింటుంది, మీ ఏటి ఒడ్డున యాసిడ్ తింటోంది. రెండుచోట్లా శత్రువెవరో తెలుసుకోకుండా కడితే కట్టడం నిలవదు."

ఆయన సముద్రం సంగతి కొంత చెప్పాడు. ఉప్పుగాలి కాంక్రీటు రంధ్రాల గుండా లోపలి ఇనుపచువ్వను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము, ముందున్న దానికంటె ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకు కాంక్రీటు పెచ్చులు ఊడుతుంది. అందుకని చువ్వ మీద కప్పే కాంక్రీటు మందం పెంచాలి. మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 456 ప్రకారం, ఎండావానా తగలని ఇంటిలోపల 20 మిల్లీమీటర్లు చాలు. సముద్రపు గాలికి ఎదురుగా నిలిచే కట్టడానికి 45, అలల తుంపర పడే చోట 50 వుండాలి. ఇంతాచేసి తేడా వేలెడు కూడా లేదు. ఆ కాస్తలోనే కట్టడం ఆయుర్దాయం వుంది. 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు పొందిన విశాఖ రుషికొండ తీరం వంటి చోట్ల మరుగుదొడ్లు, మురుగునీటి ఏర్పాటు కూడా పరీక్షలో భాగమే. ఇసుక ఎంత తెల్లగా వున్నా, గది లేకపోతే జెండా లేదు.

"సరే, మా గోదావరికి ఏం చేయాలి?" అని అడిగాను. ఆయన కాగితం తీసుకొని గీతలు గీస్తూ చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను.

మొదటిది స్థలం. ఘాటు మెట్ల పక్కనే కడితే చూడడానికి అనుకూలంగా వుంటుంది, వరద వచ్చేదాకా. 2022 జూలై వరదలో కాళేశ్వరం దగ్గర కన్నేపల్లి పంపుహౌసే నీట మునిగింది. అంత కట్టడమే మునిగిన చోట మన నాలుగు గోడలెంత! దిగువన భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులు ఎక్కింది. 2022 జూలైలో 71.3 అడుగులు. మళ్ళీ రాదులే అనుకున్న నీరు ఒక మనిషి జీవితంలోనే రెండుసార్లు వచ్చిందన్నమాట. కాబట్టి ఆ వూరి పెద్ద వరద ఎక్కడిదాకా వచ్చిందో గోడల మీద మరకలు, ముసలివాళ్ళ జ్ఞాపకాలు, కొలతల పుస్తకాలు అన్నీ చూసి, దానికి పైనే గది నేల వుండాలి. అలాగని ఫర్లాంగు దూరాన కడితే మా పెద్దమ్మ నడవలేదు. గట్టు మీద, బస్సు ఆగే చోటికీ స్నానఘట్టానికీ నడుమ, మెట్లు కాకుండా వాలుదారి వేసి, పక్కన పట్టుకోను కమ్మీ పెట్టాలి. చక్రాల కుర్చీ ఎక్కగలిగిన దారి ముసలికాళ్ళకూ మంచిదే.

రెండవది భూమి లోపలి తొట్టి. దీని సంగతి విని నేను నిజంగా ఆశ్చర్యపోయాను. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు గల సెప్టిక్ ట్యాంకును అనుకోండి. దానిలో పట్టేది 12 వేల లీటర్లు. అది ఖాళీగా వున్నప్పుడు చుట్టూ నేల వరదనీటితో నిండితే, ఆ నీరు తొట్టిని సుమారు 12 టన్నుల బలంతో పైకి నెడుతుంది. తొట్టి పడవలాగా లేస్తుంది! పైన కట్టిన గదికి పగుళ్ళు వస్తాయి, గొట్టాలు తెగుతాయి. జనం "నాసిరకం సిమెంటు" అని తిట్టుకుంటారు. ఒక్కొక్కచోట సిమెంటు మంచిదే, లెక్కే నాసిరకం. అడుగున గోడలకంటె వెడల్పయిన బరువైన పలక వేసి, దాని అంచుల మీద మన్ను కూర్చోబెట్టాలి. వానాకాలం ముందు తొట్టి తోడిస్తే, తోడించగానే నీళ్ళు పోసి నింపాలి. ఏటినీరు గొట్టం గుండా వెనక్కి ఎక్కకుండా కవాటం పెట్టాలి. ఇళ్ళకు ఎంతో బాగా పనికివచ్చే జంట గుంటల పద్ధతి ఏటి ఇసుకలో పనికిరాదు. ఇసుకలో ఇంకినది తిరిగి ఏటిలోకే చేరుతుంది. పైన పుణ్యస్నానం చేస్తూ కింద నుంచి ఇలాంటిది కలపడం ఏ శాస్త్రమూ ఒప్పుకోదు.

మూడవది రాయి. ఇక్కడ మా కరీంనగరం వాడిగా నాకు కొంచెం గర్వం, కొంచెం సిగ్గు. మా క్వారీల గ్రానైటు రైలెక్కి కాకినాడ రేవు చేరి, ఓడలో చైనాకు వెళ్ళింది. మామూలు యాసిడ్‌కు గ్రానైటు లొంగదు, నీటిని పీల్చదు, తుప్పెరగదు, చెదపురుగుకు రుచించదు. గది నేలకు నునుపు చేయని పలక వేస్తే కాలు జారదు. గోడకు నునుపు చేసిన పలక వేస్తే మురికి పట్టదు. గదికీ గదికీ నడుమ ఇటుక గోడకు బదులు నిలువు పలకే సరిపోతుంది. ఖర్చెక్కువ అనేవారికి ఒక జవాబుంది. క్వారీల దగ్గర, పాలిష్ పట్టే మిల్లుల దగ్గర, ఓడ ఎక్కని ముక్కలు గుట్టలుగా పడివుంటాయి. వాటితో ఎన్ని గదులైనా కట్టవచ్చు. పక్కనే ఇంత రాయి పెట్టుకొని ఏటి ఒడ్డున రేకు తలుపులు, టైల్సు ముక్కలు పెట్టుకోవడం, పెరట్లో బావి వుండగా నీళ్ళు కొనుక్కున్నట్టు వుంది.

నాలుగవది చిన్న విషయాలు. కాని గదిని చంపేవి ఈ చిన్న విషయాలే. నేను చూసిన కట్టడంలో గోడ ఎందుకు పగలగొట్టారో ఇంజనీరు వివరించాడు. గొట్టాలను గోడ లోపల పూడ్చిపెడతారు. ఒకటి కారితే గోడ తవ్వాలి. తవ్విన గోడ మళ్ళీ పూడదు. రెండు వరుసల గదులు వీపులు ఆనించి కట్టి, నడుమ మనిషి పట్టేంత సందు వదిలి, గొట్టాలన్నీ ఆ సందులో పైకి కనబడేలా వేస్తే, మేస్త్రీ లోపలికి వెళ్ళి మరమ్మతు చేసుకొని వస్తాడు. తలుపు అడుగు నేలకు తాకకూడదు, జానెడు ఎత్తున ఆగాలి. అప్పుడు నీరు తగలదు, గాలి ఆడుతుంది. నేల అడుగుకు పావు అంగుళం చొప్పున వాలితే నీరు నిలవదు. పైకప్పు కింద చుట్టూ సందు వుంటే పగలు దీపం అక్కర లేదు, వాసన నిలవదు. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరం 2008లో ఉక్కుతో ఇలాంటి గదినే తయారుచేసింది: పైనా కిందా వాలు చీలికలు, చేతులు కడుక్కునే కుళాయి గది బయట. చేతులు బయట కడుక్కుంటే గది తొందరగా ఖాళీ అవుతుంది. మనకు లోపల కూడా నీళ్ళు తప్పవు గనుక, లోపల ఒక కుళాయి, బయట ఒకటి పెడితే సరి.

అయిదవది లెక్క. మగవాళ్ళకు నాలుగు, ఆడవాళ్ళకు నాలుగు అని సమానంగా పంచి, న్యాయం చేశామనుకుంటాం. స్వచ్ఛభారత్ పట్టణ నియమాలు చదివితే అలా లేదు: మొదటి వందమందికి పురుషులకు ఒకటి, స్త్రీలకు రెండు. ఆడవాళ్ళకు చీరె వుంది, చంకన బిడ్డ వుంది, నెలనెలా వచ్చే ఇబ్బంది వుంది. ఎంతసేపు పడుతుందో అంతసేపు పడుతుంది. వాళ్ళ వైపు గదుల్లో సంచి తగిలించే కొక్కెం, మూత వున్న బుట్ట వుండాలి. చంటిపిల్లలకు ఎత్తు తక్కువ పీట ఒకటి వుండాలి. బాసర వంటి చోట అది విలాసం కాదు; అక్షరాభ్యాసానికి పలక ఎంత అవసరమో ఇదీ అంతే.

ఇంతవరకు చెప్పి ఇంజనీరు కలం మూశాడు. "ఇక మిగిలింది నా చేతిలో లేదు. కాంక్రీటు యాభై ఏళ్ళు నిలిచేలా నేను కట్టగలను. పొద్దున్నే తలుపు తీసే మనిషిని కట్టలేను" అన్నాడు.

అదీ అసలు సంగతి. కట్టడానికి ఒకసారి డబ్బు వస్తుంది. నడపడానికి ప్రతి నెలా డబ్బు కావాలి. మొదటిది పత్రికలో పడుతుంది, రెండోది పడదు. మోటారు కరెంటు బిల్లు, కుళాయి వాషరు, ఫినాయిలు, అన్నిటికీ మించి శుభ్రం చేసే మనిషి జీతం. ఆవిడకు చీపురు పెట్టుకోను అల్మరా, చేతి తొడుగులు, బట్టలు మార్చుకొని కాసేపు కూర్చోను ఒక చిన్న గది అదే కప్పు కింద వుండాలి. నిండిన తొట్టి తోడే లారీ దగ్గరిదాకా రాగల దారి వుండాలి. 2013లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. లారీ రాలేని చోట తొట్టి కట్టినవాడు, ఆ నేరానికి ముందే గుంత తవ్వినట్టే.

జపానులో టోక్యో నగరం షిబుయా పేటలో 2020 నుంచి 2023 దాకా పేరుమోసిన వాస్తుశిల్పుల చేత 17 మరుగుదొడ్లు కట్టించారు. వాటిలో రెండింటికి గోడలు రంగుటద్దాలే. లోపల గడియ వేయగానే అద్దం మసకబారి చాటు ఏర్పడుతుంది. ఆ కట్టడాల ఆధారంగా విమ్ వెండర్స్ అనే జర్మను దర్శకుడు 2023లో "పర్ఫెక్ట్ డేస్" అనే సినిమా తీశాడు. ఆ సినిమాకు కథానాయకుడు శిల్పి కాదు, మంత్రి కాదు; రోజూ ఆ గదులు కడిగే నడివయసు మనిషి. ఆ వేషం కట్టిన నటుడికి కాన్ ఉత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. అద్దాల గదులు మనకు అక్కర లేదు. ఆ మనిషి వైపు కెమేరా తిప్పిన చూపు మాత్రం మనకు కావాలి.

గ్రామ పెద్దలకు, దేవాలయ అధికారులకు నాది ఒక చిన్న సూచన. గుత్తేదారుకు కట్టినందుకు మాత్రమే కాక, కొన్నేళ్ళు నడిపినందుకు కూడా విడతలుగా డబ్బు ఇవ్వండి. గది పనిచేసిన నెలకు సొమ్ము, తాళం పడిన నెలకు సున్న. అప్పుడు గుత్తేదారే మంచి కుళాయి వెతికి తెస్తాడు. బయట పలక మీద ఇవాళ ఎన్ని గంటలకు కడిగారో సుద్దతో రాయించండి. ఒక్క సుద్దముక్క చేసే పని పది తనిఖీలు చేయవు.

చివరగా ఒక మాట. పాడుబడిన ఆ కట్టడం నుంచి తిరిగి వస్తూ గుమ్మం పక్కన చూశాను. అన్నీ విరిగినా ఒక్కటి మాత్రం చెక్కుచెదరలేదు, అక్షరం చెరగలేదు, మురికి అంటలేదు. అది ప్రారంభోత్సవ శిలాఫలకం. నల్లని నున్నని గ్రానైటు. ఏ రాయి నిలుస్తుందో మనవాళ్ళకు బాగానే తెలుసు. రేపు 2027 పుష్కరానికి కట్టబోయేవారు ఆ రాయినే గుమ్మం దాటించి లోపలికి కూడా తీసుకువెళితే, మా పెద్దమ్మ బాసర బస్సెక్కే ముందు గ్లాసెడు నీళ్ళు తాగుతుంది.